పవర్ వీడర్ ఇంజన్‌కు పెట్రోలు అందడం లేదా? ట్యాంకు నుంచి కార్బురేటర్ వరకు వరుసగా చూసుకోండి

పత్తి, మిరప, కంది చేలల్లో వాన వెలిసి నేల పదునుకొచ్చాక అంతర కృషికి దొరికే రోజులు నాలుగైదుకు మించవు. సరిగ్గా ఆ రోజుల్లోనే వీడర్ మొరాయిస్తుంది. తాడు లాగి లాగి భుజం నొప్పి పుడుతుంది గానీ ఇంజన్ అందుకోదు. అందుకున్నా సాలు చివరికి పోకముందే ఆగిపోతుంది. మెకానిక్ వచ్చేసరికి మళ్ళీ వాన పడుతుంది, కలుపు మొక్కను దాటి పెరుగుతుంది, చివరికి కూలీలను పెట్టి తీయించాల్సి వస్తుంది.

ఇలా ఆగిన యంత్రాల్లో చాలావాటికి ఇంజన్ లోపల ఏ జబ్బూ ఉండదు. ట్యాంకులోని పెట్రోలు సిలిండర్ వరకు చేరే దారిలో ఎక్కడో ఒకచోట అడ్డం ఉంటుంది. ఆ దారి పొడవు మూరెడు కూడా ఉండదు. వరుస తప్పకుండా చూస్తే అరగంటలో అడ్డం ఎక్కడుందో తేలిపోతుంది. వరుస తప్పి నేరుగా కార్బురేటర్ విప్పడం వల్లనే పని పెరుగుతుంది.

ఇక్కడ చెప్పేది 5 నుంచి 7 హార్స్ పవర్ ఉండే ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ల గురించి. వీడర్లకు, చిన్న పెట్రోలు పంపుసెట్లకు, తోటల్లో గడ్డి కోసే యంత్రాలకు దాదాపు ఇదే తరహా ఇంజన్ ఉంటుంది. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద ఉండి పెట్రోలు దానంతటదే దిగుతుంది. టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్లు, డీజిల్ వీడర్ల సంగతి చివర్లో ఉంది.

పని మొదలుపెట్టే ముందు

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చుక్క పడినా మంట లేస్తుంది. పని ఆరుబయట చేసుకోవాలి, బీడీ, సిగరెట్ దగ్గరకు రానివ్వకూడదు. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు పీల్చడం మన ఊళ్ళలో మామూలే గానీ అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. అడుగున స్క్రూ విప్పితే దిగిపోయే పెట్రోలును నోటితో లాగాల్సిన అవసరమే లేదు. వారంటీ ఉన్న యంత్రమైతే కార్బురేటర్ మీరు విప్పకండి. అంతకుముందు చెప్పిన పరీక్షలు చేసి, తేలిన విషయం డీలర్ మెకానిక్‌కు చెప్పండి.

అసలు లోపం పెట్రోలుదేనా?

ముందుగా మూడు చిన్న సంగతులు చూడాలి. ఇంజన్ స్విచ్ ఆన్‌లో ఉందా? పెట్రోలు ట్యాప్ తెరిచి ఉందా? ఇంజన్ ఆయిల్ సరిపడా ఉందా? మూడోది చాలామంది మరిచిపోతారు. ఆయిల్ తగ్గితే ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది. ఏటవాలు గట్టు మీద యంత్రాన్ని నిలబెట్టి తాడు లాగినా అదే జరుగుతుంది. చదునైన చోట నిలిపి, ఆయిల్ కొలపుల్ల చూసి, ఆ తరువాతే మిగతా పని.

ఇప్పుడు చోక్ వేసి, స్విచ్ ఆన్ చేసి తాడు ఐదారు సార్లు లాగండి. వెంటనే ప్లగ్గు విప్పి దాని కొస చూడండి. మిగతా పరీక్షలన్నీ ఈ ఒక్క దాని మీద ఆధారపడి ఉంటాయి.

ప్లగ్గు కొస పొడిగా ఉండి, పెట్రోలు వాసన లేకపోతే సిలిండర్‌కు పెట్రోలు రావడం లేదు. ఈ వ్యాసం మీకు పనికొస్తుంది.

ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది. నిప్పురవ్వ రావడం లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువ వస్తోంది. ప్లగ్గును గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. చోక్ తీసేసి, ట్యాప్ కట్టేసి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి తాడు ఏడెనిమిది సార్లు లాగితే సిలిండర్‌లో నిండిన పెట్రోలు బయటకు పోతుంది. ప్లగ్గు బిగించి, చోక్ లేకుండానే మళ్ళీ ప్రయత్నించండి. అయినా రాకపోతే కొత్త ప్లగ్గు వేసి చూడటం తక్కువ ఖర్చుతో తేలే పరీక్ష. ప్లగ్గును బయట పెట్టి నిప్పురవ్వ చూసే అలవాటు ఉంటే, పెట్రోలు పైపు విప్పకముందే, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి చూడండి.

ట్యాంకు మూత

ప్లగ్గు పొడిగా ఉందంటే మూత దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మూతలో గాలి లోపలికి పోవడానికి సన్నని దారి ఉంటుంది. కిందికి దిగిన పెట్రోలు స్థానంలోకి అంత గాలి పైనుంచి రావాలి. ఆ దారి దుమ్ముతో, బురదతో పూడిపోతే పెట్రోలు దిగడం ఆగిపోతుంది.

దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది. ఇంజన్ బాగానే స్టార్ట్ అవుతుంది, పది పదిహేను నిమిషాలు నడిచి నీరసించి ఆగుతుంది. కాసేపు ఆగి లాగితే మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఆగిన వెంటనే మూత కొంచెం వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తరువాత ఇంజన్ అందుకుంటే లోపం మూతదే. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి పెట్టుకుంటే సరి.

ఒక పత్తి రైతు వీడర్ ఇలాగే రోజూ పదిసార్లు ఆగుతుంటే, కార్బురేటర్ మార్చాలని చెప్పి కొత్తది అమ్మారు. అది వేశాక కూడా ఆగింది. వెళ్ళి చూస్తే, వాన నీళ్ళు ట్యాంకులోకి దిగకూడదని మూత మీద పాలిథిన్ కవరు వేసి రబ్బరుతో గట్టిగా చుట్టి ఉంది. కవరు విప్పాక యంత్రం ఆగకుండా నడిచింది. వానలో కప్పాలంటే యంత్రం మొత్తం మీద పట్టా వేయండి, మూతకు మాత్రం ఏమీ చుట్టకండి.

ట్యాప్, జల్లెడ, పైపు

మూత బాగుంటే ట్యాప్ కట్టి, కార్బురేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీయండి. పైపు కొసను తెల్లని గాజు సీసాలో పెట్టి ట్యాప్ తెరవండి. సన్నగా అయినా సరే, ధార తెగకుండా పడాలి. చుక్కలు చుక్కలుగా పడినా, మొదట ధారగా వచ్చి తగ్గిపోయినా అడ్డం పైనే ఉంది. కార్బురేటర్ జోలికి పోనక్కర్లేదు.

అప్పుడు చూడాల్సినవి రెండు. ట్యాంకు అడుగున పెట్రోలు బయటకు వచ్చేచోట సన్నని జాలీ ఉంటుంది. డ్రమ్ములో నిలవ ఉంచిన పెట్రోలు, మట్టి అంటిన గరాటు వాడేవారి యంత్రాల్లో ఈ జాలీ మీద తుప్పు పొడి, నూలు పోగులు పేరుకుంటాయి. పెట్రోలు మొత్తం దించి, జాలీ విప్పి, కొద్దిగా శుభ్రమైన పెట్రోలుతో ట్యాంకు పుక్కిలించి పారబోయాలి. చాలా ఇంజన్లలో ట్యాప్ కింద చిన్న గిన్నె కూడా ఉంటుంది. నీరు, మట్టి అందులో అడుగుకు దిగుతాయి. దాన్ని స్పానర్‌తో విప్పి, తుడిచి, లోపలి రబ్బరు రింగు జారిపోకుండా మళ్ళీ బిగించాలి. రింగు చిట్లితే అక్కడి నుంచి పెట్రోలు కారుతుంది.

రెండోది పైపు. వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తబడి ఉబ్బినా, గట్టిపడి పగుళ్ళు వచ్చినా మార్చేయాలి. ఉబ్బిన పైపు బయటకు బాగానే కనిపిస్తుంది గానీ లోపల దారి మూసుకుపోతుంది. నీళ్ళ పైపు ముక్క, సెలైన్ పైపు ముక్క పెట్టి కట్టుకట్టడం వద్దు, పెట్రోలుకు అవి ఆగవు. పెట్రోలు పైపు అని అడిగి కొనండి.

సీసాలో పట్టిన పెట్రోలును పారబోయకుండా పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరగా, లేదా గుండ్రని బొట్లుగా ఏదైనా కనిపిస్తే అది నీరు. ఆ పెట్రోలును ఇంకే బండిలోనూ పోయకండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. సగం నిండిన ట్యాంకుతో వానాకాలమంతా పాకలో పడి ఉన్న వీడర్‌లో ఇది తేలిగ్గా జరుగుతుంది. పాత చిన్న ఇంజన్లకు ఇథనాల్ 10 శాతం వరకే ఉండవచ్చని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అటువంటి ఇంజన్ ఉన్నవాళ్ళు పైపులు, రబ్బరు రింగులు ఏడాదికోసారైనా చూసుకోవాలి. పెట్రోలును యంత్రంలో నిలవ ఉంచకపోవడం మరీ ముఖ్యం.

కార్బురేటర్

పైపు కొస వరకు ధార బాగా వస్తూ ప్లగ్గు మాత్రం పొడిగా ఉంటే అడ్డం కార్బురేటర్‌లో ఉంది. దాన్ని విప్పకముందు ఇంకొక పరీక్ష ఉంది. కార్బురేటర్ కింద గుండ్రని గిన్నె, దాని పక్కన చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటాయి. కింద సీసా పెట్టి ఆ స్క్రూ వదులు చేయండి.

ట్యాప్ తెరిచి ఉన్నా ఏమీ రాకపోతే గిన్నెలోకి పెట్రోలు దిగడం లేదు. లోపల ఫ్లోట్, అంటే తేలే బిళ్ళ, దాని నీడిల్ పైకి అతుక్కుపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా రెండు మూడు సార్లు తట్టండి. అతుక్కున్న నీడిల్ చాలాసార్లు దీనితోనే వదులవుతుంది. పెట్రోలు వచ్చి, అందులో నీటి బొట్లు, గోధుమరంగు మడ్డి కనిపిస్తే, శుభ్రమైన పెట్రోలు వచ్చేదాకా వదిలి స్క్రూ బిగించి స్టార్ట్ చేసి చూడండి. కొన్ని యంత్రాలు ఇక్కడితోనే బాగుపడతాయి. శుభ్రమైన పెట్రోలు ధారగా వస్తూ కూడా ఇంజన్ అందుకోకపోతే జెట్ మూసుకుపోయినట్లే.

నెలల తరబడి నిలవున్న పెట్రోలులో తేలికభాగం ఆవిరైపోయి, మిగిలింది వార్నిష్‌లా జిగురుగా గడ్డకడుతుంది. జెట్ రంధ్రం సూదిమొన అంత ఉంటుంది, దాన్ని మూయడానికి ఆ జిగురు రవ్వంత చాలు. సీజన్ మొదట్లో స్టార్ట్ కాని వీడర్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే.

జెట్ శుభ్రం చేసే తీరు ఇది. ట్యాప్ కట్టి, ప్లగ్గు వైరు ఊడదీయండి. గిన్నె అడుగున ఉన్న బోల్టును, చాలా మోడళ్లలో అది 10 నంబరు స్పానర్‌కు సరిపోతుంది, విప్పి గిన్నెను కిందికి దించండి. దించేటప్పుడు రబ్బరు రింగు ఎలా కూర్చుందో ఫోనులో ఫొటో తీసుకోండి. ప్రతి భాగం తీసేముందు ఒక ఫొటో తీసుకుంటే మళ్ళీ బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు. మధ్యలో ఉన్న ఇత్తడి గొట్టం లోపల మెయిన్ జెట్ ఉంటుంది. దాని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పాలి. ఇత్తడి మెత్తన కాబట్టి సైజు సరిపోనిది పెడితే గాడి అరిగిపోతుంది. జెట్ పైన పక్కల రంధ్రాలున్న ఇంకో సన్నని గొట్టం ఉంటుంది, అదీ జారి కింద పడుతుంది. కింద తెల్లగుడ్డ పరుచుకుని కూర్చోండి.

జెట్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించాలి. కనిపించకపోతే కార్బురేటర్ క్లీనర్ కొట్టి కాసేపు నాననివ్వండి. అప్పటికీ తెరుచుకోకపోతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు తీసి మెల్లగా ఆడించండి. పిన్నీసు, సూది, ఇనుప తీగ వద్దే వద్దు. రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ తరువాత ఇంజన్ ఎప్పుడూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నల్లపొగ కక్కుతుంది. కార్బురేటర్ క్లీనర్ కళ్ళల్లో పడకుండా చూసుకోండి. రబ్బరు రింగులు, ఫ్లోట్ నీడిల్ తీసి పక్కన పెట్టాకే దాన్ని కొట్టాలి.

ఫ్లోట్‌ను పట్టి ఉంచే చిన్న రేకును వంచడం, ఐడిల్ స్క్రూ, మిక్చర్ స్క్రూ ఇష్టమొచ్చినట్లు తిప్పడం చేయకండి. నిన్నటి దాకా బాగా నడిచిన ఇంజన్‌లో రాత్రికి రాత్రి సెట్టింగు మారదు. ముందు శుభ్రం చేయండి, సెట్టింగు ఆలోచన ఆ తరువాత.

నడుస్తూ ఇబ్బంది పెడితే

చోక్ వేసి ఉంచితేనే నడిచి, తీయగానే ఆగిపోతే పెట్రోలు తక్కువగా అందుతోందని అర్థం. ఖాళీగా ఉన్నప్పుడు ఇంజన్ చప్పుడు ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఉయ్యాల ఊగినట్లు ఉన్నా కారణం చాలావరకు అదే. జెట్లు సగం మూసుకుపోయి ఉంటాయి. చాలా మోడళ్లలో ఐడిల్ స్క్రూ దగ్గర ఉండే చిన్న పైలట్ జెట్‌ను కూడా తీసి శుభ్రం చేయాలి. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ప్యాకింగ్ చిరిగి గాలి పీల్చినా ఇవే గుర్తులు కనిపిస్తాయి. ఒకసారి కార్బురేటర్ ఊడదీసి బిగించాక ఈ ఇబ్బంది మొదలైతే ప్యాకింగ్ సరిగా కూర్చుందో లేదో చూడండి.

ఖాళీగా బాగా నడిచి, పళ్ళు నేలలో దిగగానే నీరసిస్తే మెయిన్ జెట్, జాలీ, పైపులను అనుమానించాలి. లోడు మీద పెట్రోలు ఎక్కువ కావాలి, సగం మూసిన దారి అంత అందించలేదు.

నల్లపొగ, ప్లగ్గు మీద మసి, పెట్రోలు ఖర్చు పెరగడం కనిపిస్తే పెట్రోలు ఎక్కువవుతోంది. అప్పుడు మొదట ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఎండిన నల్లరేగడిలో ఒక్క పూట నడిపితే చాలు, ఫిల్టర్ దుమ్ముతో నిండిపోతుంది. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్ళలో కడిగి, పిండి, పూర్తిగా ఆరాక రెండు మూడు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి పిసికి పెట్టాలి. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మెల్లగా తట్టి దులపాలి. ఫిల్టర్ తీసేసి నడిపితే బాగా నడుస్తోందని అలాగే వాడేవారున్నారు. ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి రింగులు అరిగిపోతాయి. ఆ రిపేరు ఖర్చుతో ఫిల్టర్లు డజన్ల కొద్దీ వస్తాయి.

కార్బురేటర్ నుంచి పెట్రోలు కారిపోతుంటే నీడిల్ కింద నలక ఇరుక్కుంది, లేదా ఫ్లోట్ చిల్లుపడి మునిగిపోయింది. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కారే పెట్రోలు బయటకే రాకుండా సిలిండర్ గుండా ఇంజన్ ఆయిల్‌లోకి కూడా దిగవచ్చు. ఆయిల్ మట్టం పెరిగినా, ఆయిల్ పల్చబడి పెట్రోలు వాసన వచ్చినా ఇంజన్ అసలు తిప్పకండి. ముందు ఆయిల్ మార్చండి. వీడర్‌ను ఆటోలోనో ట్రాలీలోనో వేసి తీసుకెళ్ళేటప్పుడు ట్యాప్ కట్టకపోతే ఇది జరగడానికి ఎక్కువ అవకాశం ఉంది, కుదుపులకు నీడిల్ సరిగా మూసుకోదు.

ఇతర ఇంజన్లు

పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీద నడిపే పంపుసెట్లు ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి. ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకు మార్చి కాసేపు నడిపి ఆపాలి. లేకపోతే గిన్నెలో కిరోసిన్ మిగిలి, మర్నాడు చల్లని ఇంజన్ అందుకోదు. పెట్రోలు వీడర్‌లో మాత్రం కిరోసిన్ కలపకండి.

బ్రష్ కట్టర్, పెట్రోలు స్ప్రేయర్ వంటి టూ స్ట్రోక్ ఇంజన్లలో పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. మాన్యువల్‌లో 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. బ్రష్ కట్టర్లలో ఎక్కువగా ఫ్లోట్ గిన్నె ఉండదు, దాని బదులు సన్నని డయాఫ్రం పొర ఉంటుంది. ట్యాంకు లోపల పైపు కొసన ఉన్న చిన్న ఫిల్టర్‌ను వంచిన తీగతో బయటకు లాగి చూడండి, మూసుకుపోతే మార్చండి. ప్రైమర్ బుడ్డి నొక్కినప్పుడు పెట్రోలు రాకుండా గాలి బుడగలే వస్తుంటే పైపు పగిలి ఉంటుంది. ఇవి రెండూ బాగుండి ఇంజన్ అందుకోకపోతే డయాఫ్రం గట్టిపడి ఉంటుంది, దాన్ని మెకానిక్‌తో మార్పించాలి.

డీజిల్ వీడర్‌లో తరచుగా వచ్చేది గాలి పట్టడం. ట్యాంకు పూర్తిగా అడుగంటేదాకా నడిపితే పైపుల్లోకి గాలి చేరుతుంది. డీజిల్ పోసి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా డీజిల్ వచ్చాక బిగించాలి. తరువాత పంపు దగ్గర అలాగే చేయాలి. ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఇంజన్ తిప్పేటప్పుడు చేయి అక్కడ అడ్డం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సీజన్ అయిపోయాక

కలుపు పని ముగిసి వీడర్‌ను నెల రోజులకు మించి పక్కన పెట్టేటట్లయితే అందులో పెట్రోలు ఉంచకూడదు. ట్యాంకులోది దించి మోటారు సైకిల్‌కు వాడుకోండి, నీరు లేదని సీసాలో చూసుకున్నాకే. మిగిలిన కాస్త పెట్రోలుతో ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. తరువాత డ్రెయిన్ స్క్రూ విప్పి గిన్నెలో మిగిలిన చుక్కలు కూడా వదిలేసి స్క్రూ బిగించండి. ప్లగ్గు విప్పి సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, తాడు రెండు మూడు సార్లు నెమ్మదిగా లాగి ప్లగ్గు బిగించండి. చివరగా తాడు బిగుతుగా తగిలేంత వరకు లాగి వదిలేస్తే వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. ఎలుకలు పైపులు కొరకని చోట, నేలకు కొంచెం ఎత్తులో, బల్ల మీద పెట్టుకోండి.